పెండ్లికొడుకు జాగ

ఆ పొద్దున జగన్ దగ్గర పదకొండు వేల పైచిలుకు ఫొటోలున్నాయి. వాటిలో ఒక్కదాంట్లోనూ అతని తండ్రి కుర్మయ్య లేడు.

ఠాణాలో రైటర్ ఆ మాట నమ్మలేదు.

"నువ్వు ఫొటోగ్రాఫర్‌వే గదా?"

"అవును సార్."

"మీ నాయన ఫొటో లేదంటవు."

"ఓటరు కార్డుల ఉన్నది సార్."

రైటర్ కార్డు తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాడు. అందులో ఉన్నది ఒక నల్లటి మరక, దానికి రెండు చెవులు.

"దీన్ని వట్టుకొని ఎవర్ని దేవులాడాలె? మా నాయన గూడ గిట్లనే ఉంటడు. ఊరందరి పెండ్లిళ్ళు తీస్తవు, ఇంట్ల ముసలాయనను ఒక్కసారి కూసోబెట్టి తియ్యనీకి చెయ్యి రాలేదా?"

తీయకపోవడమేమిటి, జగన్ వందలసార్లు తీశాడు. తీసిన ప్రతిసారీ వెంటనే చెరిపేశాడు. అది ఠాణాలో విప్పి చెప్పుకునే సంగతి కాదు.

అప్పట్లో పెళ్ళి ఆల్బమ్ అంటే పందిట్లో తీసిన ఫొటోలు మాత్రమే కాదు. పెళ్ళికూతురిని, పెళ్ళికొడుకును కంప్యూటర్‌లో కత్తిరించి, జలపాతం ముందో సముద్రం ఒడ్డునో అడవి మధ్యనో నిలబెట్టాలి. శంషాబాద్ దాటి ఎరగని జంట కూడా ఆల్బమ్‌లో మంచుకొండల మధ్య చేతులు పట్టుకుని నిలబడేది. ఆ సీనరీలు డీవీడీల మీద అమ్మేవాళ్ళు. అన్నీ ఎక్కడో పరదేశాల కొండలు, పరదేశాల సముద్రాలు. ఒకే జలపాతం ముందు ఒక ఊళ్ళో మూడు పెళ్ళిళ్ళు జరిగినట్టుండేది. "అన్నా, మా మరదలు నిలవడ్డ కాడనే మా చెల్లె గూడ నిలవడ్డది గదనే" అని ఒకాయన ఆల్బమ్ వాపసు ఇచ్చాక జగన్‌కు ఆలోచన వచ్చింది. మన జాగాలతోనే ఒక డీవీడీ చేస్తే?

ఆల్బమ్‌లు ముద్రించే కలర్ ల్యాబ్ యజమాని వరప్రసాద్‌ది విశాఖపట్నం వైపు. హైదరాబాద్‌లో స్థిరపడి ఇరవై ఏళ్ళయింది. ఆయనకు ఈ ఆలోచన నచ్చింది.

"మంచిదే జగన్. భీమిలి ఉంది, కుంటాల జలపాతం ఉంది, నల్లమల ఉంది. మన దగ్గర లేనిదేముంది చెప్పు? ఒక్కటి మాత్రం గుర్తు పెట్టుకో. మధ్యలో చోటు వదలాలి. జంట నిలబడాలిగా. నువ్వెంత అందంగా తీసినా మధ్యలో బండరాయి ఉంటే ఆ ఫొటో నాకు పనికిరాదు."

అలా జగన్ మధ్యలో ఏమీ లేని ఫొటోలు తీయడం నేర్చుకున్నాడు. అది అనుకున్నంత తేలిక కాదు. ఖాళీ జాగాను చూసి, అక్కడ మనిషి ఎంత ఎత్తుంటాడో, వెలుతురు మొహం మీద ఎటునుంచి పడుతుందో ఊహించాలి. ఊహించడం కన్నా ఎవరినైనా నిలబెట్టి చూడటం సులువు. ముందు మనిషిని నిలబెట్టి ఒక ఫొటో, కొలత కోసం. ఆ మనిషిని పక్కకు జరిపి ఇంకోటి, అమ్మకం కోసం. కొలత ఫొటోతో మళ్ళీ పని లేదు. ఉన్నది నాలుగు జీబీల కార్డు, నిండిపోకుండా అక్కడికక్కడే చెరిపేయాలి.

ఆ కొలత మనిషి కుర్మయ్య.

వాళ్ళది కొత్వాల్‌గూడ. భూమి అవుటర్ రింగ్ రోడ్డు కిందికి పోయాక కుర్మయ్యకు పని లేకుండా పోయింది. అతని భార్య చంద్రమ్మ విమానాశ్రయంలో ఊడ్చే పనికి కుదిరింది. కుర్మయ్యకు మతి తప్పడం ఆ తర్వాత ఏడాది మొదలైంది. మంచినీళ్ళకని కుండ దగ్గరికి పోయి, ఎందుకొచ్చాడో మరిచి అక్కడే నిలబడేవాడు. దవాఖానలో మందులిచ్చారు గాని గుణం కనిపించలేదు. మనిషి మాత్రం ఎవరికీ అడ్డం కాదు. నిలబడమంటే నిలబడతాడు. పదమంటే నడుస్తాడు. ఆగమనేదాకా నడుస్తూనే ఉంటాడు. ఇంట్లో ఒంటరిగా విడిచే వీలు లేక జగన్ వెంట తీసుకుపోయేవాడు. రెండు పనులూ కలిసొచ్చాయి.

"ముసలాయన పెండ్లికొడుకైండు" అనేది చంద్రమ్మ, వాళ్ళు బయల్దేరినప్పుడల్లా. "కొడుక్కు పిల్ల దొరుకుతలేదుగని, తండ్రిని మాత్రం జలపాతాల కాడ నిలవెడుతుండు."

"నువ్వు గూడ రా అమ్మా. జోడు కుదుర్తది."

"నాకు డ్యూటీ ఉన్నదిర. మీ బాపుకు ఇంకెవతెనన్న జూడు."

భీమిలి దగ్గర నల్లటి బండల మీద అలలు విరుగుతుంటే కుర్మయ్య చాలాసేపు చూశాడు. సముద్రం చూడటం అదే మొదలు.

"ఇన్ని నీళ్ళుండి ఒక్క మడి లేదేందిర?"

"ఉప్పునీళ్ళు బాపు. పంట పండది."

"మరెందుకు ఉన్నట్టు?"

జగన్ నవ్వి, బండ మీద చోటు చూపించాడు. "గక్కడ నిలవడు. అది పెండ్లికొడుకు జాగ."

కుర్మయ్య నిలబడ్డాడు. తలకు చుట్టుకున్న ఎర్ర రుమాలు ఉప్పుగాలికి రెపరెపలాడింది. ఒక ఫొటో. "జరుగు బాపు." కుర్మయ్య జరిగాడు. "ఇంక జర." ఇంకా జరిగాడు. చట్రంలోంచి పూర్తిగా తప్పుకున్నాక జగన్ చివరి మాట అనేవాడు, "సాలు." ఆ మాట వినగానే కుర్మయ్య ఎక్కడివాడక్కడ ఆగి, కింద కూర్చుని బీడీ ముట్టించేవాడు. కుంటాల దగ్గర అంతే. నల్లమలలో చెట్ల మధ్యన అంతే. నిలవడు, జరుగు, సాలు. రెండేళ్ళ పాటు తండ్రీకొడుకులు మాట్లాడుకున్నదాంట్లో సగం ఈ మూడు మాటలే.

2011 సెప్టెంబర్‌లో వరప్రసాద్ ఇంకొక్క సముద్రం కావాలన్నాడు. సకల జనుల సమ్మె దగ్గర పడుతోంది, బస్సులు ఎప్పుడు ఆగుతాయో తెలియదు. విశాఖ దాకా పోయే వీలు లేదు. జగన్ ఇంటి పక్కనున్న హిమాయత్ సాగర్‌నే సముద్రం చేద్దామనుకున్నాడు. వానలకు నీళ్ళు పెరిగి ఒడ్డున బండల్లోకి వచ్చాయి. కెమెరాను సరైన చోట వంచి పెడితే ఆవలి గట్టు కనిపించదు, భీమిలే అనిపిస్తుంది.

వాన వెలిసిన పొద్దు. మబ్బు ఇంకా విడలేదు. జగన్ ఒక బండ మీద కూర్చుని కుర్మయ్యను మధ్యలో నిలబెట్టాడు. ఒకటి తీశాడు. చెరిపాడు.

"జరుగు బాపు."

వైడ్ లెన్సు పెట్టాడు కాబట్టి కుర్మయ్య ఎంత జరిగినా ఇంకా అంచున కనిపిస్తూనే ఉన్నాడు.

"ఇంక జర. ఇంక జర బాపు."

అప్పుడే మబ్బు చిరిగి, వెలుతురు నీళ్ళ మీద పరుచుకుంది. ఏడాదికోసారి కూడా దొరకని వెలుతురు. జగన్ వరసగా తీశాడు. బండ దిగి తీశాడు, మోకాళ్ళ మీద కూర్చుని తీశాడు. వెలుతురు మళ్ళీ మూసుకుపోయేదాకా కంటి దగ్గరనుంచి కెమెరా దింపలేదు. దింపాక "ఇగ పోదాం బాపు" అన్నాడు. జవాబు లేదు. బీడీ పొగ లేదు. "సాలు" అనలేదని అతనికి అప్పుడు గుర్తొచ్చింది.

మొదట బండల చాటున వెతికాడు. తర్వాత "సాలు బాపు, సాలు" అని అరుస్తూ ఒడ్డు పొడుగునా పరిగెత్తాడు. మధ్యాహ్నానికి ఊరు ఊరంతా వచ్చింది. చేపలు పట్టేవాళ్ళు పుట్టి వేసుకుని గాలించారు. వలలో చెప్పు ఒకటి వచ్చింది, అది ఆడవాళ్ళ చెప్పు. మర్నాడు ఈతగాళ్ళు దిగారు. ఏమీ దొరకలేదు. "బండల కింద చిక్కితే తేలడు" అన్నారు. తండ్రి ఏ వైపు జరిగాడని అందరూ అడిగారు. జగన్ చెప్పలేకపోయాడు. అతను చూసింది చట్రం మధ్యలో ఖాళీని. అంచుల్ని ఎన్నడూ అంతగా చూడలేదు.

వారం దాటాక కుర్మయ్య తమ్ముడు సోమయ్య వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"వదినా, ఒక మాట చెప్త, కోపం జేసుకోకు. అన్న నీళ్ళల్ల పోయిండు. గడ్డిబొమ్మ జేసి కాలవెట్టి, దినం జేద్దాం. లేకుంటే ఆ జీవి గట్లనే తిరుగుతది."

"తిరగనీ" అంది చంద్రమ్మ. "తిరిగేటోడు ఎన్నడో ఒకనాడు ఇంటికొస్తడు. కాలవెడితే ఏడికెల్లొస్తడు?"

"నీళ్ళల్ల పోయినోడు..."

"నువ్వు జూసినవా? నీ కొడుకు జూసిండా? నా కొడుకు పక్కన ఉండి జూడకపాయె." ఆ చివరి మాట అన్నాక ఆమె లోపలికి పోయి తలుపేసుకుంది.

సోమయ్య లేస్తూ జగన్ భుజం మీద చెయ్యేశాడు. "బిడ్డా, మూడు రోజులు జూత్త. ఏదన్న ఆనవాలు దొరికితే సరే. లేకుంటే బొమ్మ నేనే కడ్త."

జగన్ ఆ పొద్దున తీసిన ఫొటోల్ని కంప్యూటర్‌లో తెరిచింది ఆ తర్వాతే. అన్నాళ్ళూ వాటిని చూడటానికి మనసొప్పలేదు. వెలుతురు అద్భుతంగా పడింది, మధ్య జాగా ఖాళీగా, శుభ్రంగా ఉంది. ఒక్కో ఫొటోను పెద్దది చేసి, మధ్యను వదిలి అంచుల వెంబడి పోయాడు. మొదటి దాంట్లో కుడి అంచున, బండ పైన ఎర్రటి ముక్క. గోరంత. రెండో దాంట్లో అదే ఎరుపు, ఇంకాస్త చిన్నగా, ఇంకాస్త పైన. మూడో దాంట్లో చీమ తల అంత. నాలుగో దాంట్లో లేదు.

రుమాలు. కుడివైపు, పైకి. నీళ్ళవైపు కాదు, రింగ్ రోడ్డు వైపు.

చంద్రమ్మను పిలిచి చూపించాడు. ఆమెకు మొదట ఏమీ కనిపించలేదు. వేలు పెట్టి చూపించాక తెర మీద ఆ ఎర్ర చుక్కను చేత్తో తుడిచి చూసింది, దుమ్ము కాదు గదా అని.

"ఆయనేనా?"

"ఆయనే అమ్మా. రోడ్డు దిక్కు పోయిండు."

"ఎవలన్న సాలు అనేదాక పోతడు" అంది.

సోమయ్య గడ్డిబొమ్మ మాట మానుకున్నాడు. ఠాణాలో రైటర్ కూడా ఎర్ర చుక్కను చూసి తలూపాడు. "సరే, రోడ్డెక్కిండనుకుందాం. ఇప్పుడన్న మొహం ఉన్న ఫొటో తే."

కెమెరా కార్డు జగన్ జేబులోనే ఉంది. ఆ రోజు తర్వాత దాన్ని వాడలేదు. చెరిపేసిన ఫొటోల్ని మళ్ళీ పైకి తెచ్చే సాఫ్ట్‌వేర్ వరప్రసాద్ ల్యాబ్‌లో ఉంది. ఇద్దరూ తెర ముందు కూర్చున్నారు. ఒక్కొక్కటే పైకొచ్చింది. చెరిపేసిన చోటే కొత్త ఫొటోలు రాసుకుపోయాయి కాబట్టి ఏదీ పూర్తిగా లేదు. జలపాతం కింద కుర్మయ్య కాళ్ళున్నాయి, నడుము పైన అంతా బూడిద రంగు. నల్లమలలో భుజం, చెయ్యి, దాని మీద అడ్డంగా ఎవరి పెళ్ళిదో తలంబ్రాల పళ్ళెం. ఒకదాంట్లో ఉత్త రుమాలు.

"ఇంకోసారి నడిపించనా?" అన్నాడు వరప్రసాద్. సాయంత్రం దాకా నడిపించాడు.

చివరకు ఒకటి దొరికింది, భీమిలిది. కింద మూడో వంతు చెడిపోయింది గాని, మొహం ఉంది. ఎండకు కళ్ళు చిట్లించి, కెమెరా వైపు కాక కెమెరా వెనకున్న కొడుకు వైపు చూస్తున్నాడు. వెనక సముద్రం.

ఆ ఫొటోతో పెద్ద ఫ్లెక్సీ కొట్టించి శంషాబాద్ బస్టాండ్ ఎదురుగా కట్టారు. పైన కుర్మయ్య, వెనక సముద్రం, కింద "తప్పిపోయినారు, కనిపించినచో తెలుపగలరు" అని, ఫోన్ నంబరు. సమ్మెకు బస్సులు ఆగిపోయిన రోజులు. బస్టాండ్‌లో జనం లేరు, ఆటోలవాళ్ళే ఉన్నారు.

మూడో రోజు చంద్రమ్మ, జగన్ అటు పోతే ఫ్లెక్సీకి బంతిపూల దండ వేసి ఉంది. కింద రెండు అగరవత్తులు వెలుగుతున్నాయి.

"ఎవర్రా ఏసింది?" చంద్రమ్మ గొంతుకు ఆటోలన్నీ తిరిగి చూశాయి.

ఒక ఆటో డ్రైవర్ దగ్గరికొచ్చాడు. "నేనే అక్కా. మంచిది గదా అని. మీ మనిషేనా? ఎప్పుడు పోయిండు?"

"పోలేదు! కింద రాసింది సదువరాదా?"

అతను కింది అక్షరాలు అప్పుడు చదివాడు. "అయ్యో. జర మాఫ్ చెయ్యక్కా. ముసలాయన మొహం, ఎనక నీళ్ళు, ఇంత పెద్ద ఫ్లెక్సీ... శ్రద్ధాంజలి అనుకున్న. అందరం గట్లనే అనుకుంటున్నం."

చంద్రమ్మ దండ తెంపి నలిపి పారేసింది. అతనే వంగి అగరవత్తులు ఆర్పాడు. జగన్ నిచ్చెన ఎక్కి ఫ్లెక్సీ విప్పాడు. అతను మాత్రం అలాంటివి ఎన్ని చేయలేదు? చనిపోయినవాళ్ళ మొహాలు కత్తిరించి మబ్బుల ముందు, జలపాతాల ముందు పెట్టి దండలు అతికించింది తనే. ఆ దారిన పోయే వాళ్ళకు సీనరీ ముందు ముసలి మొహం అంటే అర్థం ఒకటేనని నేర్పింది తన లాంటివాళ్ళే. మూడు రోజుల్లో ఒక్క ఫోన్ కూడా రాలేదు.

తర్వాత తెల్లగోడ ముందు మొహం పెట్టి చిన్న కాగితాలు వేయించాడు. మంఖాల్ దాకా, శ్రీశైలం రోడ్డు మీద ధాబాల దాకా అంటించాడు. వానకు కొన్ని, పశువులకు కొన్ని పోయాయి. పెళ్ళిళ్ళ పనులు తప్పాయి. స్టూడియో కిరాయికి చంద్రమ్మ జీతం సరిపోయేది. ఆమె పొద్దున డ్యూటీకి పోతూ బయట అరుగు మీద ఒక గిన్నెలో అన్నం పెట్టి మూత వేసేది. సాయంత్రం వచ్చి, దాన్ని కుక్కలకు వేసేది.

ఏడాది గడిచాక వరప్రసాద్ డీవీడీ సంగతి ఎత్తాడు. "నిన్ను ఇబ్బంది పెట్టాలని కాదు జగన్. తీసినవి ఊరికే పడున్నాయి. బయటికొస్తే నీకూ నాలుగు రూపాయలొస్తాయి."

"ఇస్త సార్. గని డీవీడీ అట్ట మీద మా బాపు ఫొటో ఉండాలె. కింద నా నంబరు."

వరప్రసాద్ అడ్డంగా తలూపాడు. "పెళ్ళి ఆల్బమ్ డీవీడీ అది. తప్పిపోయిన మనిషి ఫొటో వేస్తే అశుభం అంటారు, కొనరు."

"ఇది కొనేది పెండ్లోళ్ళు గాదు సార్, ఫొటోగ్రాఫర్లు. అన్ని ఊర్లల్ల ఉంటరు. పెండ్లయినా సావయినా జాతరయినా ఆ ఊర్ల ప్రతి మొహం చూసేది వాళ్ళే. పోలీసోళ్ళ కన్న ఎక్కువ చూస్తరు. ఫొటో లేకుంటే సీనరీలు లేవు."

వరప్రసాద్ మెత్తబడ్డాడు. ముందు కాదు, అట్ట వెనక వేద్దామన్నాడు. అలాగే వేశారు. 2012 చివర్లో డీవీడీ బయటికొచ్చింది. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా పోయింది. బాగానే అమ్ముడుపోయింది. భీమిలి బండల మీద, కుంటాల నురగ ముందు, నల్లమల చెట్ల మధ్య, కుర్మయ్య నిలబడిన చోటే కొత్త జంటలు నిలబడ్డాయి. హిమాయత్ సాగర్ ఫొటో కూడా అందులో ఉంది. వరప్రసాద్ మనుషులు కుడి అంచున ఉన్న ఎర్ర చుక్కను తుడిచేయబోతే జగన్ వద్దన్నాడు.

ఫోన్లు రావడం మొదలైంది. ఎక్కువ ఆ చుక్క గురించే. "అన్నా, సముద్రం సీనరీల కుడిదిక్కు ఎర్రగ ఏదో ఉన్నది, తీసెయ్యమంటవా?" "తీసెయ్ తమ్మీ" అనేవాడు జగన్. కొందరు ఇంకో డీవీడీ ఎప్పుడని అడిగారు. అది లేదు. జగన్ మళ్ళీ ఏ నీళ్ళ దగ్గరికీ కెమెరా తీసుకుపోలేదు. పెళ్ళిళ్ళు మాత్రం తీస్తున్నాడు. ఫొటో తీసేటప్పుడు ఎవరినైనా పక్కకు పంపాలంటే నోటితో అనడు, చేత్తో చూపిస్తాడు.

అప్పుడప్పుడు అసలు ఫోన్ వచ్చేది. నిజామాబాద్‌లో ఉన్నాడని ఒకరు, ఒంగోలు స్టేషన్‌లో చూశానని ఒకరు. ప్రతిసారీ తల్లీకొడుకులు పోయారు. ప్రతిసారీ ఎవరో ఒక ముసలాయన ఉన్నాడు, కుర్మయ్య కాదు. ఒంగోలాయన చంద్రమ్మను చూసి "వచ్చినవా" అని ఏడ్చాడు. ఆమె తెచ్చిన అన్నం మూట ఆయనకే పెట్టి వచ్చింది.

2014 ఫిబ్రవరిలో అచ్చంపేట నుంచి ఫోన్ వచ్చింది. మల్లేశ్వర్ అని, అక్కడ స్టూడియో నడుపుతాడు.

"అన్నా, మీ డీవీడీ ఎనక ఉన్న పెద్దాయన దొరికిండా?"

"లేదు తమ్మీ."

"ఈడ బస్టాండ్ కాడ ఒకాయన ఉంటుండు. ఓటలు నడిపే శివమ్మ ఇంత బువ్వ వెడుతది. పేరడిగితే చెప్పడు. మొహం అట్లనే అనిపిస్తుందిగని గడ్డం పెరిగింది, గట్టిగ చెప్పలేను."

"రుమాలు ఉన్నదా?"

"ఉన్నది. ఎర్రది గాదన్నా, తెల్లది."

జగన్ ఫోన్ పెట్టేయబోయాడు.

"ఇంకోటన్నా. నిన్న బస్సు రివర్సు తీస్తుంటే కండక్టరు జరుగు పెద్దాయనా అన్నడు. జరిగిండు. జరుగుకుంట జరుగుకుంట మెయిన్ రోడ్డు దాక పోయిండు. శివమ్మ ఉరికి చెయ్యి వట్టుకొని తోలుకొచ్చింది. ఎందుకో చెప్పాలనిపించి ఫోన్ చేసిన."

చంద్రమ్మ గురువారం డ్యూటీకి సెలవు పెట్టింది. పొద్దునే బయల్దేరాలి. రిజర్వేషన్ జగన్ చేయించాడు. ఇది ఏడోసారి. ఎప్పటిలాగే పోవడానికి రెండు టికెట్లు, రావడానికి మూడు.